శుక్రవారం వచ్చిన దొంగలు

2023వ సంవత్సరం. బతుకమ్మ పండుగ దగ్గర పడుతున్న రోజులు. జగిత్యాలలో ఒక మందుల దుకాణం పైన చిన్న గది అద్దెకు తీసుకుని, వెబ్‌సైట్లు తయారుచేసి నడిపించే పని చేస్తున్నాను. బోర్డు మీద 'క్లౌడ్ సర్వీసెస్' అని పెద్దక్షరాలతోనే రాయించాను గానీ, మెట్లెక్కి వచ్చేవాళ్లలో సగంమంది జిరాక్సు తీస్తారా అని అడిగి దిగిపోయేవారు. మొదట్లో కోపం వచ్చేది. తరువాత నేనే ఒక జిరాక్సు మిషను కొని పడేశాను.

క్లౌడ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పెద్ద కంపెనీలు వేలకొద్దీ కంప్యూటర్లను ఒకచోట పెట్టి, ఎవరికి కావలసినంత వాళ్లకు అద్దెకు ఇస్తాయి. మన వెబ్‌సైట్ అక్కడ కాపురముంటుంది. అది పడిపోకుండా, అందులోకి దొంగలు దూరకుండా చూసుకోవడం నా పని.

నాది రాయికల్. అమ్మ బీడీలు చుట్టేది. నాన్న సౌదీలో పనిచేసేవాడు. డిగ్రీ అయ్యాక ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో ఆపరేటర్‌గా చేరాను. పరీక్షా ఫలితాల రోజు సైట్ తెరుచుకోకపోతే అది నా తప్పయినట్టు పిల్లలూ వాళ్ల తండ్రులూ నా మీద అరిచేవారు. అసలీ సైట్లు ఎందుకు పడిపోతాయి అన్న పట్టుదల అక్కడే మొదలైంది. నేర్చుకునేవాళ్లకు క్లౌడ్ కంపెనీలు కొంతకాలం ఉచితంగా ఖాతా ఇస్తాయి. హైదరాబాద్ నుంచి ఒక సారు తెలుగులో చెప్పే ఆన్‌లైన్ క్లాసులో చేరి, కుక్కర్ విజిళ్ల మధ్య సర్వర్లు కట్టాను, కూల్చాను, మళ్లీ కట్టాను. మా అత్తమ్మ ఇంటికి ఎవరొచ్చినా "మెల్లగ మాట్లాడుండ్రి, మా కోడలు పరీక్ష రాస్తున్నది" అనేది. ఆ పరీక్ష ఏమిటో, ఎప్పుడు అయిపోతుందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

నా మొదటి పెద్ద గిరాకీ సిరిసిల్ల రాజేశం కాక. బాబాయి వయసు పెద్దవాళ్లను మా వైపు కాక అంటాం. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. కాకకు నాలుగు సాంచాలున్నాయి. ఏళ్ల తరబడి వాటి మీద ఎవరో సేటు ఇచ్చిన నూలుతో, సేటు చెప్పిన గుడ్డే నేశాడు. ఆ ఏడాది మాత్రం సొంత నూలు కొని, సొంత రంగులతో జరీ అంచు చీరలు నేయించాడు. పండుగకు అవి అమ్ముడుపోతే ఆయన సొంత వ్యాపారి. మిగిలిపోతే మళ్లీ సేటు గడపే. ఇంట్లోవాళ్లు ఎంత వద్దన్నా వినలేదని ఆయనే నాకు చెప్పాడు.

చీరలు కొనేది ఎక్కువగా గల్ఫ్‌లో ఉన్నవాళ్లు. ఇబ్రహీంపట్నం, రాయికల్, ఎల్లారెడ్డిపేట మనుషులు. అక్కడి నుంచి ఆర్డర్ పెడితే కాక ఇక్కడ వాళ్ల ఇళ్లకు పంపాలి. మొదట వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి అమ్మబోయాడు. ఒకరి చీర ఇంకొకరి ఇంటికి పోయి, ఆ ఇంట్లో అలకలు మొదలయ్యాక నా దగ్గరికి వచ్చాడు. నేను వెబ్‌సైట్ అంతా చూపించాక ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

"దుకానమంటే షట్టర్ ఉండాలె, షట్టర్‌కు తాళముండాలె. గీ దుకానానికి తాళమెక్కడ్ది బిడ్డా?"

ఆ తాళం అవసరం తొందరగానే పడింది. సైట్ మొదలైన కొద్ది వారాలకే బాట్లు వచ్చి పడ్డాయి. బాట్లంటే మనిషి అవసరం లేకుండా వాటంతటవి తిరిగే ప్రోగ్రాములు. వేరేచోట దొంగిలించిన పాస్‌వర్డులను ఒక్కొక్క ఖాతా మీద వేసి చూస్తుంటాయి. ఏదో ఒకటి తెరుచుకుంటే ఆ మనిషి ఫోన్ నంబరు, ఇంటి చిరునామా అన్నీ వాళ్ల చేతికి పోతాయి. నేను అప్పటికే వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ పెట్టి ఉంచాను. అది సైట్ వాకిట్లో నిలబడే కాపలాదారు. ఐపీ అడ్రస్ అంటే ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఇంటి నంబరు లాంటిది. ఒకే ఐపీ అడ్రస్ నుంచి రకరకాల ఖాతాలు తెరవబోయి వరుసగా తప్పుతుంటే, ఆ అడ్రస్‌ను ఆపేయమని కాపలాదారుకు చెప్పాను. బాట్లు వచ్చిన దారినే పోయాయి. రాజేశం కాక తన ఫోన్‌కు కూడా ఆ హెచ్చరికలు రావాలని పట్టుబట్టి పెట్టించుకున్నాడు. చాయ్ హోటల్లో అందరికీ తన దుకాణానికి ఫైర్‌వాల్ ఉందని చెప్పుకునేవాడట.

ఇక ఆ శుక్రవారం సంగతి. సౌదీలో మనవాళ్లకు జీతాలు పడ్డాక వచ్చిన మొదటి శుక్రవారం అది. శుక్రవారం అక్కడ సెలవు. ఇటు చూస్తే, ఆ రోజు ఆర్డర్లు రాకపోతే, ఆ తరువాత చీరలు పంపినా లాభం లేదు. ఇంటికి చేరాలి, ఫాల్ కుట్టించాలి, పండుగ ముందు టైలర్లు జాకెట్టుకు ఎన్నిసార్లు తిప్పుతారో అందరికీ తెలిసిందే. కాక కొన్న నూలంతా చీరలై గదిలో వరుసగా పేర్చి ఉంది.

మధ్యాహ్నం అన్నం తింటుంటే నా ఫోన్‌కు హెచ్చరిక వచ్చింది. ఒకే ఐపీ అడ్రస్, సౌదీ నుంచి. ఒక ఖాతా తరువాత ఇంకో ఖాతా. చాలావాటికి పాస్‌వర్డ్ తప్పు. ఫైర్‌వాల్ ఆ అడ్రస్‌ను ఆపేసింది. మాకు క్లాసులో దాడి అంటే ఇలా ఉంటుందని చూపించిన బొమ్మ అచ్చం అదే. నేను చెయ్యి కడుక్కునేలోపే కాక ఫోన్ వచ్చింది. వెనుక సాంచాల చప్పుడు, ముందు కాక గొంతు.

"బిడ్డా, మల్ల దొంగలు వడ్డరు. మొత్తం బందు వెట్టు. చీరలు అమ్ముడువోకున్నా సరే, నన్ను నమ్మినోళ్లను ముంచుడు నాతోని కాదు."

ఆ మాటకు నాకు కళ్లు చెమర్చాయి. ఆయన సర్వస్వం ఆ గదిలో పేర్చి ఉంది. అయినా ఆయనకు ముందుగా గుర్తొచ్చింది కొనేవాళ్లే. కొంచెం ఆగమని చెప్పి లాగ్స్ తెరిచాను. సైట్‌లోకి ఎవరు ఎప్పుడు వచ్చారో, ఏం నొక్కారో వరుసగా రాసి ఉండేదాన్ని లాగ్ అంటారు. చూస్తుంటే ఎక్కడో తేడా కొట్టింది. బాట్లకు తీరిక ఉండదు, కన్ను మూసి తెరిచేలోపు వందసార్లు తలుపు తడతాయి. ఇక్కడ ఒక ప్రయత్నానికీ ఇంకో ప్రయత్నానికీ మధ్య మనిషి తడుముకున్నంత వ్యవధి ఉంది. పైగా కొన్నిచోట్ల 'పాస్‌వర్డ్ మరిచిపోయాను' అని నొక్కారు. ఏ బాటూ తాను మరిచిపోయానని ఒప్పుకోదు.

ఎప్పటిదో చిన్నప్పటి సంగతి అప్పుడు మనసులో మెదిలింది. నాన్న సౌదీలో ఉన్నప్పుడు మా గల్లీ మొత్తానికి కిరాణా దుకాణంలోనే ఫోన్. అది మోగితే మొదట వినబడేది నాన్న గొంతు కాదు. ఫోన్‌కార్డు మీది పొడుగు నంబర్లు నొక్కడం వచ్చిన మరొకాయన గొంతు. మా ఇంటికి వచ్చినా, పక్కింటికి వచ్చినా, ఎదురింటికి వచ్చినా మొదట ఆయనే మాట్లాడేవాడు. గదిలో ఉన్న అందరికీ ఆయనే ఫోన్ కలిపి, ఆ తరువాత ఎవరి ఫోన్ వాళ్ల చేతికి ఇచ్చేవాడు. ఫోన్లు మారాయి గానీ ఆ గదులు మారలేదు. నంబర్లు నొక్కేవాడు ఒకడు, చుట్టూ కూర్చుని నా సంగతి చూడు అనేవాళ్లు ఎందరో. పాస్‌వర్డులు తప్పాయంటే, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లు సగం మరిచిపోయి చెబుతుండాలి.

కానీ నాకు అనిపించిందని తలుపు తీయలేను. నా అంచనా తప్పితే కాకను నమ్మినవాళ్ల వివరాలన్నీ దొంగలపాలవుతాయి. బంద్ పెడితే కాక పండుగ అక్కడితో సరి. ఆయన అనుమతి అడిగి, ఆ రోజు ఆ అడ్రస్ నుంచి మొట్టమొదట సరైన పాస్‌వర్డుతో లోపలికి వచ్చిన ఖాతాలోని ఫోన్ నంబరు తీసుకున్నాను. పేరు యూసుఫ్, ఇంటి చిరునామా కోరుట్ల. వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపాను. ఓటీపీ వద్దు, పాస్‌వర్డ్ వద్దు, పొద్దున్నించి చీరలు కొనబోయింది మీరేనా, అంతవరకే చెప్పమన్నాను. జవాబు వెంటనే వచ్చింది.

"అక్కా, మీరు నిజంగ సైటోళ్లేనా, ఓటీపీ గాళ్లా? ముందుగాల గది చెప్పుండ్రి."

నేను అతన్ని దొంగేమో అనుకుంటుంటే, అతను నన్ను దొంగేమో అనుకుంటున్నాడు. నవ్వొచ్చింది, గౌరవమూ కలిగింది. ఎలా నమ్మించాలా అని ఆలోచించి, రాజేశం కాకను సాంచాల పక్కన నిలబడి రెండు మాటలు రికార్డు చేసి పంపమన్నాను. అది అలాగే యూసుఫ్‌కు పంపాను. యూసుఫ్ ఉండే గదిలో ఒకప్పుడు సిరిసిల్లలో సాంచ నడిపినాయన ఉన్నాడట. కాక మాట పూర్తికాకముందే అది సాంచ సప్పుడే, సందేహం లేదు అన్నాడట.

ఆ తరువాత యూసుఫ్ పంపిన రికార్డు నేను జన్మలో మరిచిపోను. నేను అడగకుండానే, గదిలో వాళ్లంతా ఫోన్ చేతులు మార్చుకుంటూ ఒక్కొక్కరే తమ పేరూ ఊరూ చెప్పారు. ఇబ్రహీంపట్నం గంగన్న. రాయికల్ మల్లేశం. ఇంకా ఎందరో. ఒకాయన గొంతు మాత్రం పేరుతో ఆగలేదు.

"నేను ఎల్లారెడ్డిపేట లింగాన్ని అక్కా. నీలం చీర, జరీ అంచుది, మా బిడ్డకు. గీసారే మొదటిసారి చీర కట్టుకుంటది. అయిపోయినయా చీరలు?"

వింటూ ఒక్కొక్క పేరునూ ఖాతాల్లోని చిరునామాలతో సరిచూశాను. అన్నీ కుదిరాయి. వాళ్లుండేది కంపెనీ కూలీల క్యాంపులో. క్యాంపు మొత్తానికి ఒకటే వైఫై, ఒకటే ఐపీ అడ్రస్ కావడంతో, యూసుఫ్‌తో పాటు ఆ భవనంలో అందరికీ తలుపు మూసుకుపోయింది. సైట్ తెరుచుకుంటే గదా కాక ఫోన్ నంబరు కనబడేది. చీరలు అయిపోయి దుకాణం మూసేశారని వాళ్లు అనుకున్నారు.

ఊరికే ఆ ఒక్క అడ్రస్‌ను వదిలేయడం నాకు నచ్చలేదు. రేపు ఇంకో క్యాంపుకు ఇదే గతి పడుతుంది. కాపలాదారుకు చెప్పిన మాటే మార్చాను. తప్పులను ఇంటి నంబరు చూసి కాదు, ఖాతా చూసి లెక్కపెట్టమన్నాను. ఒకే అడ్రస్ నుంచి చాలా ఖాతాలు తడుతున్నారని అనుమానం వస్తే వెంటనే గెంటేయకుండా, బాటు విప్పలేని చిన్న పొడుపుకథ లాంటి క్యాప్చా అడగమన్నాను. పాస్‌వర్డ్ గుర్తులేనివాళ్లు తమ ఫోన్‌కు వచ్చే ఓటీపీతో రావచ్చు. పాత బాట్ల దాడిని నా టెస్ట్ సర్వర్ మీద నేనే నడిపించి చూశాను. ఒక్కటీ లోపలికి పోలేదు. అప్పుడు తలుపు తీశాను.

కాసేపటికి లింగం ఆర్డర్ వచ్చింది. దాని వెనుక గంగన్నది. సాయంత్రానికి పక్క గదులవాళ్లు, ఆ పక్క క్యాంపులవాళ్లు. రాజేశం కాక ఫోన్ చేసి సాంచాల చప్పుడు వినిపించాడు. రాయికల్‌లో బీడీలు చుట్టిన చేతుల కూతురు సౌదీలో మూసుకుపోయిన తలుపును జగిత్యాల నుంచి తీసింది. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను.

పండుగ తరువాత సైట్‌లో 'రూమ్ ఆర్డర్' అని ఒక బటన్ పెట్టాను. ఒకరే ఫోన్ పట్టుకుని గదిలో అందరికీ ఆర్డర్ పెట్టవచ్చు, కానీ ఎవరి అనుమతి వాళ్ల ఫోన్‌కే వెళుతుంది. కాక ఇప్పటికీ సొంత నూలుతోనే నేస్తున్నాడు. క్లాసులో మా సారు ఈ సంగతి నా చేతే అందరికీ చెప్పించారు. ఇప్పుడు నేను ఎవరి సైట్‌కు కాపలా పెట్టబోయినా ముందు అడిగేది సర్వర్ గురించి కాదు. మీ దగ్గరికి ఎవరు వస్తారు, ఎక్కడి నుంచి వస్తారు, ఎవరి ఫోన్‌తో వస్తారు అని అడుగుతాను. అది తెలియకుండా పెట్టిన తాళం మనవాళ్ల మీదే పడుతుందని ఆ శుక్రవారం నేర్పింది.

మరుసటి ఎండాకాలం ఒకతను మెట్లెక్కి వచ్చాడు. పక్కన బుర్ఖా వేసుకున్న పెద్దామె. జిరాక్సు కోసమేమో అనుకుని చెయ్యి చాపాను.

"గుర్తువట్టినవా అక్కా? నేను. నీ దొంగను."

యూసుఫ్ సెలవు మీద వచ్చాడు. కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను. ఆ రోజు గదిలో అందరి ఆర్డర్లూ పెట్టాక, చివరన తన అమ్మ కోసం ఒక చీర పెట్టుకున్నాడట. ఆ అమ్మే బుర్ఖా కాస్త పక్కకు జరిపి, లోపల కట్టుకున్న ఆకుపచ్చ చీర జరీ అంచును నా చేతిలో పెట్టింది. నేను ఎన్నో సైట్లను కాపాడాను. కాపాడింది ఏమిటో చేత్తో పట్టుకుని చూసుకున్నది మాత్రం ఆ రోజే.