సేట్ తినాలంటే

మేం వన్ టౌన్‌లో అద్దెకి దిగిన ఇంటికి మెట్లు జిలానీ బాషా గారి దుకాణం పక్కనుంచే ఉండేవి. పైన మేము. కింద ముందు భాగంలో ఆయన పంపు స్టవ్వులు, పెట్రోమాక్స్ లైట్లు బాగుచేసే దుకాణం, వెనక గదుల్లో ఆయనా, ఆయన భార్య జన్నత్ బీ. మా ఆయనకి పోర్టులో గుమస్తా ఉద్యోగం వస్తే గోదావరి జిల్లా నుంచి పెట్టే బేడా సర్దుకుని వచ్చాం. ఊరు నచ్చింది, సముద్రం నచ్చింది, మెట్ల దగ్గర పిల్లి మాత్రం నచ్చలేదు. నేను కూరగాయలకి బయల్దేరితే చాలు, అది సరిగ్గా అప్పుడే ఎదురొచ్చేది. నేను వెనక్కెళ్ళి కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ దిగేదాన్ని. మళ్ళీ ఎదురొచ్చేది. ఒక్కోరోజు నీళ్ళతోనే కడుపు నిండి బజారుకి వెళ్ళేదాన్ని.

దాని పేరు సేట్. పగలంతా దుకాణంలో దిండు మీద కూర్చుని, ఏ పనీ చేయకుండా వచ్చేపోయేవాళ్ళని చూసేవాడిని మరేమని పిలుస్తారని బాషా గారు అడిగేవారు. బూడిద రంగు ఒళ్ళు, తెల్ల మూతి, కాస్త బొజ్జ. పేరు అతికినట్టే ఉండేది.

బాషా గారు పొట్టి మనిషి, మాట మాత్రం పొడుగు. స్టవ్వు పాడుచేసుకుని తెచ్చినవాళ్ళని ముందు తిట్టి, ఆ తర్వాత బాగుచేసేవారు. పిన్నుతో పొడిచి పొడిచి బర్నరు కన్నం పెద్దది చేశారనీ, ఈ కాలం మనుషులకి ఓపిక చచ్చిందనీ తిట్టేవారు. తిట్లు పడ్డా జనం ఆయన దగ్గరికే వచ్చేవారు, ఎందుకంటే ఆయన చెయ్యి పడ్డ స్టవ్వు ఏడాది దాకా మొరాయించేది కాదు. ఆయనకి ఉన్న గర్వం ఒక్కటే. కుర్రతనంలో మొదలుపెట్టిన రంజాన్ రోజాల్లో, అంటే ఉపవాసాల్లో, ఒక్కటి కూడా వదల్లేదు. జ్వరంలోనూ వదల్లేదు, కూతుళ్ళ పెళ్ళి పనుల్లోనూ వదల్లేదు. పైగా ఆ నెలంతా తెల్లవారక ముందే సందులన్నీ తిరిగి, పాత స్టవ్వు టాంకీ మీద చెంచాతో వాయిస్తూ జనాన్ని సహరీకి లేపేది ఆయనే. సహరీ అంటే రోజా మొదలయ్యే ముందు తినే తిండి. అది తప్పిపోతే పొద్దుగూకే దాకా మంచినీటి చుక్కయినా ఉండదు. ఉపవాసమని చెప్పి ఉప్మా తినే ఇంటినుంచి వచ్చినదాన్ని కదా, నాకదంతా వింతగా ఉండేది.

ఎనభై మూడు ఎండాకాలంలో సేట్ చిక్కిపోవడం మొదలుపెట్టాడు. ఎప్పుడు చూసినా నీళ్ళ తొట్టి దగ్గరే ఉండేవాడు. ఎండలకి దాహమేమో అనుకున్నాం. తర్వాత తిండి మానేశాడు, వాంతులు పట్టుకున్నాయి. ఒకరోజు నేను మెట్లు దిగుతుంటే ఎదురు రాలేదు. చూస్తే దిండు కింద నేల మీద పడి ఎగశ్వాస తీస్తున్నాడు. వంగి చూశాను. నోట్లోంచి మగ్గిపోయిన పండు వాసన వస్తోంది. కిరసనాయిలు కంపు కొట్టే ఆ దుకాణంలో కూడా ఆ వాసన నాకు తెలిసింది. అంతకుముందు ఏడాది మా అత్తగారు షుగరు ముదిరి స్పృహ తప్పినప్పుడు ఆవిడ నోటి దగ్గర వచ్చింది ఇదే. పోయేదాకా ఆవిడకి ఇన్సులిన్ సూది వేసింది నేనే. పిల్లికి షుగరు వచ్చినట్టుందని చెబితే బాషా గారు నా మొహం వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. కానీ పక్కన పెట్టిన చేప వైపు సేట్ తల కూడా తిప్పకపోయేసరికి వెంటనే రిక్షా పిలిచారు.

పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగే నేను, ఆ రోజు పిల్లిని ఒళ్ళో పెట్టుకుని రిక్షా ఎక్కాను. మా ఆయన ఇప్పటికీ అది చెప్పి నవ్వుతారు.

పశువుల ఆసుపత్రిలో నరసింహమూర్తి అనే డాక్టరు ఉండేవారు. ఆయన దగ్గరికొచ్చేవన్నీ గేదెలూ ఎడ్లూ. నేను చెప్పింది కొట్టిపారెయ్యకుండా దాని మూత్రం పట్టి, నీలం మందు కలిపి దీపం మీద కాచారు. ఇటుక రంగుకి తిరిగింది, షుగరేనని తేలింది. పిల్లి కాలికి సెలైన్ ఎక్కించడం తనకీ కొత్తేనని ఒప్పుకుని, పుస్తకం ముందు పెట్టుకుని, మనుషులకి వేసే ఇన్సులినే చుక్కల్లో వేస్తూ వారం రోజులు చూశారు. బాషా గారు ఆ వారం దుకాణం తెరవలేదు. ఆసుపత్రి అరుగు మీదే కూర్చున్నారు. పిల్లి కోసం వ్యాపారం మానుకున్నాడని వన్ టౌన్ అంతా నవ్వింది, ఆయన పట్టించుకోలేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు ఒక్క విషయం నొక్కి చెప్పారు. పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది. మధ్యలో, మధ్యాహ్నం పూట, తప్పకుండా తినాలి. సూది పడ్డాక తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ వస్తాయి. తినడం లేదని సూది మానేస్తే జబ్బు మళ్ళీ మొదటికొస్తుంది, ఈసారి బతకదు.

పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్న సామెత ఉంది కదా, సూది ఎవరు వేస్తారన్న ప్రశ్న దగ్గర అందరూ నావైపే చూశారు. అత్తగారి గాజు సిరంజి స్టీలు డబ్బాలోంచి తీసి మరగబెట్టాను. మందు సీసా చల్లగా ఉండాలని తడి ఇసుక పోసిన ముంతలో పెట్టాను. మెడ వెనక చర్మం పట్టుకుని వేస్తే సేట్ కిమ్మనేవాడు కాదు. మా అత్తగారికన్నా నయం.

కష్టమంతా తిండి దగ్గరే వచ్చింది. వాడు కూనగా ఉన్నప్పటినుంచి బాషా గారు తన పళ్ళెంలో చేప ముల్లు తీసి, తనకో ముద్ద, వాడికో ముద్ద పెట్టేవారు. ఒంట్లో బాగున్నప్పుడు వాడు మిగతా వేళల్లో ఎలకలూ, యారాడ నుంచి అమ్మకానికి వచ్చే చేపల చిట్టమ్మ బుట్టలో చేపలూ దొంగిలించి తినేవాడు కాబట్టి రంజాన్ నెల వచ్చినా ఇబ్బంది లేకపోయింది. జబ్బు చేశాక ఆకలి చచ్చింది, వేట పోయింది, ఆ పాత అలవాటొక్కటే మిగిలింది. బాషా గారు ముద్ద నోట్లో పెట్టుకుని నమిలితేనే వాడు మూతి ముందుకి చాపేవాడు. జన్నత్ బీ పెట్టి చూసింది, నేను పెట్టి చూశాను. మొహం తిప్పేసుకునేవాడు.

ఇంటికొచ్చి పట్టుమని పది రోజులైనా కాకుండానే రంజాన్ నెలవంక కనబడింది.

రెండు సూదులకీ దారి దొరికింది. సహరీ అప్పుడొకటి, సాయంత్రం రోజా విప్పేటప్పుడొకటి. ఆ రెండు వేళలా ఆయన తింటారు, వాడూ తింటాడు. మధ్యాహ్నానికే దారి లేదు. మొదటి రోజు ఆయన ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి, ఉత్తినే దవడలాడించారు. సేట్ ఆ దవడల్ని శ్రద్ధగా చూసి, పళ్ళెం వాసన చూసి, వెళ్ళి పడుకున్నాడు. పిల్లిని మోసం చేయడం అంత తేలిక కాదు. కాసేపటికి వాడి వెనక కాళ్ళు తడబడ్డాయి, ఒళ్ళంతా వణుకు వచ్చింది. నేను పంచదార నీళ్ళు కలిపి వాడి చిగుళ్ళకి రాస్తూ కూర్చున్నాను. తేరుకునే దాకా బాషా గారు గోడకి ఆనుకుని నిలబడ్డారు.

ఆ సాయంత్రం ఆయన మసీదుకెళ్ళి పేష్ ఇమాం గారిని అడిగారట. రోగికి మినహాయింపు ఉంది, బాటసారికి ఉంది, పిల్లి ఉన్నవాడికి ఉందని తాను చెప్పలేనన్నారట ఆయన. అలాగని ఆకలితో చంపమనీ చెప్పలేనన్నారట. మానేసిన రోజాలు తర్వాత ఉండి తీర్చుకోవాల్సిందే, మిగతాది నీకూ అల్లాకీ మధ్య, అన్నారట.

మర్నాడు మధ్యాహ్నం దుకాణం తలుపు సగం మూసి ఉంది. నేను కిందికి వెళ్ళేసరికి జన్నత్ బీ ఉపవాసంతోనే వండిన కవళ్ళ చేపల పులుసు పళ్ళెంలో ఉంది. బాషా గారు దాని ముందు కూర్చుని ఉన్నారు, సేట్ ఆయన మోకాలి పక్కన.

“నా రోజాకి పైన పుణ్యం రాసుకుంతారమ్మా,” అన్నారు నన్ను చూడకుండానే. “దీని రోజాకి ఏటి రాసుకుంతారు?”

ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమలడానికి చాలాసేపు పట్టింది. సేట్ మూతి చాపాడు.

నాలుగు రోజులు అలా తలుపు చాటున గడిచింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుందని ఆయనకే అనిపించిందేమో, లేక జన్నత్ బీ గిన్నెలు కడుగుతూ పిల్లి మీదా ఎలక మీదా పెట్టి తిట్టిన తిట్లు తగిలాయేమో, ఐదో రోజు నమాజు అయ్యాక అందరి ముందూ తానే చెప్పేశారు. తాను రోజాలో లేననీ, ఎందుకు లేనో కూడా. మసీదు కమిటీలో గోనె సంచుల వ్యాపారి కరీం బాషా గారు ఉండేవారు. ఆయనకి బాగా కోపమొచ్చింది.

“తిండి తిన్నోడు జనాన్ని రోజాకి లేపడమేటి? ఆ టాంకీ ఇంకెవులికైనా ఇచ్చీ,” అన్నారట.

ఇచ్చేశారు. ఆ రోజు ఆయన ఎవరినీ తిట్టలేదు, ఎవరి స్టవ్వూ బాగుచేయలేదు. ముప్ఫై ఏళ్ళుగా తన చెంచా చప్పుడుకి లేచిన సందు అది. టాంకీ అందుకున్న రహమాన్ వయసులో ఉన్నవాడు, మంచివాడే, కానీ నిద్రమొహం. మూడో రోజుకే వాడు లేవలేదు, సందులో ఎవరూ లేవలేదు. జూన్ ఎండలో, సహరీ లేని పొట్టతో, కరీం బాషా గారు గోడౌన్‌లో గోనె సంచుల మీద పడుకుని ఉన్నారని మా ఆయన చూసొచ్చి చెప్పారు. మర్నాటికల్లా టాంకీ జిలానీ బాషా గారి దుకాణం ముందు ఉంది. ఎవరు తెచ్చి పెట్టారో ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

అలా మూడు రంజాన్లు గడిచాయి. అందరినీ లేపి, అందరితో కలిసి సహరీ తిని, మధ్యాహ్నం మాత్రం తలుపు బార్లా తీసుకుని పిల్లితో భోంచేసేవారు. పండగ తర్వాత బాకీ రోజాలు ఉందామని చూస్తే ఆ రోజుల్లోనూ ఆయన తినకపోతే సేట్ మధ్యాహ్నం తినడు. కాబట్టి బాకీ అలాగే పెరిగింది. ఆయనకది లోపల గుచ్చుకుంటూనే ఉండేది. మంచి కోపంలో ఉన్నప్పుడు, నీవల్లే నా నెత్తిన ఇంత భారం అని సేట్‌ని తిట్టేవారు. సూది వేయడం కూడా రెండో ఏటికల్లా నేర్చుకున్నారు. డాక్టరు గారు ఆరు నెలలు బతికితే గొప్పన్నారు. వాడు రెండేళ్ళు దాటి బతికాడు.

ఎనభై ఐదు కార్తీకంలో మా పిన్ని కూతురి పెళ్ళికి కాకినాడ వెళ్ళి పదిహేను రోజులుండి వచ్చాను. వచ్చిన మర్నాడు మధ్యాహ్నం పెళ్ళివారి అరిసెలు పట్టుకుని కిందికి దిగాను. భోజనాల వేళ. బాషా గారు బల్ల ముందు కూర్చుని వాషరు బిగిస్తున్నారు. పళ్ళెం లేదు. అరిసె ఇవ్వబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

“రోజాలో ఉన్నానమ్మా,” అన్నారు.

అది రంజాన్ కాదు. రంజాన్‌కి ఇంకా ఆరు నెలలుంది. దిండు వైపు చూడాల్సిన పని లేకుండానే సేట్ పోయాడని నాకు అర్థమైంది. ఏడుపు ఆపుకోలేక మెట్ల మీదే కూర్చుండిపోయాను. పిల్లి గురించి అలా ఏడుస్తానని ఎవరైనా ముందు చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

వాడు పోయిన మర్నాటినుంచే మొదలుపెట్టారని జన్నత్ బీ చెప్పింది. చలికాలమంతా ఉండి మూడు రంజాన్ల రోజాలూ తీర్చేశారు. నిజానికి కష్టం అక్కడినుంచే మొదలైంది. బాకీ తీరిపోయినా ఆయన మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. ఆకలి లేదనేవారు, పని ఉందనేవారు. పళ్ళెం పెడితే కలిపి అలాగే వదిలేసేవారు. మనిషి చిక్కిపోయాడు.

ఆ ఇంట్లో మగవాళ్ళు తిన్నాకే ఆడవాళ్ళు తినేది. ఒక మధ్యాహ్నం జన్నత్ బీ తన పళ్ళెం కూడా పట్టుకొచ్చి, దుకాణంలో అందరూ చూస్తుండగా ఆయనకెదురుగా నేల మీద కూర్చుంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, ఆయన మొహం చూస్తూ నమలడం మొదలుపెట్టింది. ఆయన కాసేపు చూశారు. చేతిలో స్పానరు కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చారు.