అత్తమ్మ ఉంగరంలో రంగులు మార్చే రాయి

నేను చదివింది మూడో తరగతి. రంగుల విషయంలో మాత్రం నన్నెవరూ మోసం చేయలేరని నా ధీమా. గద్వాలలో మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గాల ఇంటికే కోడలినై వచ్చాను. పట్టునూలును గడపలోకి తెచ్చి, పొద్దుటి వెలుగులో నాలుగు వైపులా తిప్పి చూడనిదే కొనేదాన్ని కాదు.

ఎనభైల చివర్లో మా అత్తమ్మ పోయింది. ఆమె వెండి ఉంగరంలో ఉన్నది నీలమని ఇంటిల్లిపాదీ అనుకునేవాళ్లం. ఆమె మంచాన పడ్డప్పుడు రాయిని పట్టుకున్న గూడు చిట్లితే, మా ఊరి కంసాలి అవుసలాయనతో కొత్తది కట్టించాను. పాత గూడు అడుగు మూసి ఉండేది. వెండి తక్కువ పడుతుందని ఈసారి అడుగు తెరిచి కట్టమన్నాను.

కర్మకాండ అయ్యాక ఉంగరం మా పెద్ద తోటికోడలికి ఇచ్చాను. ఆమె మగ్గాల కొట్టంలోనే దాన్ని వెలుతురుకు పట్టింది.

"గిదేంది చెల్లె? పైనుంచి నీలం, పక్కనుంచి ఎండుగడ్డి రంగు! అసలుది అమ్ముకొని గాజుముక్క పెట్టిచ్చినవా?"

నూలు చుడుతున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. నా ఒళ్లు మండింది.

లాక్కుని తిప్పి చూశాను. ఆమె చెప్పింది నిజమే. బట్ట తిప్పితే రంగు మారిందంటే పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు అన్నమాట. రాయిలో పోగులెక్కడివి? రెండు ముక్కలు అతికించాడనుకుని, చెప్పులైనా వేసుకోకుండా అవుసలాయన మీదికి పోయాను.

"నీ రాయే అమ్మా, ఒట్టు. నమ్మకపోతే వనపర్తిల రాళ్లు సానబట్టే ముసలాయనకు చూపిచ్చుకో" అన్నాడు.

మర్నాడే తోటికోడలిని బస్సెక్కించాను. "నేనెందుకే?" అంటే, "నువ్వు లేకుండ చూపిస్తే ఆయన్ని గూడ కొన్ననంటవు. నడువు" అన్నాను.

ముసలాయన రాయి ఊడదీసి భూతద్దంలో చూశాడు. అతుకు లేదు, గాజులో ఉండే బుడగలూ లేవు. తక్కెడలో తూచాడు. తర్వాత దారానికి కట్టి నీళ్ల గ్లాసులో వేలాడదీసి మళ్లీ తూచాడు.

"నీలమైతే నీళ్లల్ల పావు వంతే తగ్గాలె. గిది మూడో వంతు దాటి తగ్గింది. నీలం కాదమ్మా."

ఆయన రాయిని కిటికీ దగ్గర తిప్పాడు. ఒకవైపు ఊదా కలిసిన నీలి, ఒకవైపు లేత నీలి, ఇంకోవైపు ఎండుగడ్డి.

"గాజు ఎటు తిప్పినా ఒక్కటే రంగు. గిట్ల దిక్కుకో రంగుండేది అయోలైట్. భూమిల పుట్టిన రాయే."

తోటికోడలు ఊరుకోలేదు. "అయితే నీలం తీసి గిది పెట్టిచ్చింది గద!"

నేను కొంగుముడి విప్పాను. చిట్లిన పాత గూడు అందులోనే ఉంది. ఆ పాటి వెండిని పారేసే అలవాటు నాకు లేదు. దాని అడుగున తగరపు రేకు, దాని మీద ఎండిన లక్క. ముసలాయన రాయిని అందులో కూర్చోబెట్టాడు. రాయికి ఒక మూల పెచ్చు ఊడింది. లక్కలో సరిగ్గా అక్కడే చిన్న బొడిపె ఉంది. రెండూ ఒకదాంట్లో ఒకటి ఒదిగిపోయాయి.

"మీ అత్తమ్మ పెట్టుకున్న రాయి గిదే. అడుగు మూసుంటే పక్క రంగు యాడ కనపడ్తది?" అంటూ రాయిని కొత్త గూట్లో మళ్లీ బిగించి ఇచ్చాడు.

తిరుగు బస్సులో తోటికోడలు కిటికీలోంచి బయటికే చూస్తూ, "సరే తియ్యి, అయిపాయె" అంది.

"కాలే. యాడ అన్నవో ఆడనే చెప్పాలె."

ఇంటికి పోకుండా నేరుగా మగ్గాల కొట్టానికే తీసుకుపోయాను. నూలు చుట్టేవాళ్లందరూ తలెత్తారు. ఆమె వెనక్కి తిరగబోయింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"చెల్లె రాయి మార్చలే" అంది చివరికి. వెంటనే నా వైపు తిరిగి, "నీలం గూడ కాదంట గద, నువ్వే ఉంచుకో" అంది.

"పెద్దకోడలివి. చెయ్యి ఇటియ్యి" అని ఉంగరం ఆమె వేలికి తొడిగాను. అవుసలాయనకు క్షమాపణ చెప్పుకోవడం మాత్రం మిగిలింది. ఈసారి చెప్పులు వేసుకుని బయల్దేరాను.