సముద్రపు ఎలుకకు చుట్టాలెవరు

చిలకలగూడలో నా చిన్నప్పుడు మా అమ్మ గురించి అడగడమంటే మా అమ్మమ్మను ఏడిపించడమే. అమ్మ పోయేనాటికి నాకు నడక కూడా సరిగ్గా రాదు. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని వేరే ఊళ్ళో కాపురం పెట్టాడు. నేను అమ్మమ్మ దగ్గరే పెరిగాను. ఇంట్లో అమ్మ ఫొటో ఒక్కటే ఉండేది, అదీ పెళ్ళినాటిది. తల వంచుకుని ఉంది, పైగా బాసింగం అడ్డం. ముఖమన్నది కనిపిస్తే ఒట్టు. ఆ ఫొటో తీసినవాణ్ణి ఇప్పటికీ తిట్టుకుంటాను. అమ్మ ఎట్లా ఉండేదని అడిగితే చాలు, అమ్మమ్మ లేచి వెళ్ళి, ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరుతూ కూర్చునేది. కన్నతల్లి ముఖం తెలియని పిల్లనని నాకు లోలోపల ఒకటే దిగులు.

పక్కింటి అక్కది విశాఖపట్నం వైపు. ఇక్కడ ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. నేనేం వాగినా విసుక్కునేది కాదు కాబట్టి నా దిగులంతా ఆమె దగ్గరే వెళ్ళబోసుకున్నాను. ఆ వేసవిలో కాలేజీకి సున్నాలు వేస్తుంటే, పగిలిపోతాయన్న భయంతో, చచ్చిన జీవుల్ని మందులో నిల్వ ఉంచిన కొన్ని గాజు సీసాలు ఇంటికి తెచ్చుకుంది. ఒక ఆదివారం నన్నూ అమ్మమ్మనూ తన వరండాలోకి పిలిచి, ఒక సీసాలోంచి అరచేతంత జీవిని తీసి తెల్లటి పళ్ళెంలో పెట్టింది.

మందు వాసనకు అమ్మమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది. దాని వీపంతా దట్టమైన బొచ్చు. పళ్ళాన్ని ఎండలోకి జరపగానే పక్కల ఉన్న వెంట్రుకలు పచ్చగా, బంగారంగా, నెమలి మెడలా మెరిశాయి. అది చల్లటి దేశాల సముద్రం అడుగున, బురదలో బతుకుతుందట. అక్కడివాళ్ళు సముద్రపు ఎలుక అంటారట. ఎలుకా లేదు ఏమీ లేదు, ఇది గొంగళిపురుగే, ముట్టుకుంటే దద్దుర్లొస్తాయని నేను తీర్పు చెప్పేశాను. అక్క నవ్వి, వీపు మీది బొచ్చును పక్కకు తోసింది. దాని కింద ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరిచిన పొలుసులున్నాయి. తర్వాత దాన్ని వెల్లకిలా తిప్పింది. అటువైపు బొచ్చూ లేదు, మెరుపూ లేదు. పొట్టంతా అడ్డంగా మడతలు. ఒక్కో మడతకు రెండు పక్కలా పొట్టి కాళ్ళు, ఆ కాళ్ళకు ముళ్ళలాంటి వెంట్రుకలు.

అమ్మమ్మ ముక్కు మీంచి కొంగు తీసేసింది. "గిది మన ఎర్రనే గదనే? వాన పడితే మట్టిల కెళ్ళి బయటికొస్తయి సూడు. గట్లనే మడతలున్నయి," అంది.

అక్క ముఖం వెలిగిపోయింది. పుస్తకాల్లో కూడా దీన్నీ మన వానపామునూ ఒకే వర్గంలో పెట్టారని, ఉంగరాలు వరసగా పేర్చినట్టు ఒళ్ళున్న జీవులన్నీ ఆ వర్గమేనని చెప్పింది. అందులో ఇట్లా కాలికాలికీ ముళ్ళవెంట్రుకలున్న వాటిది వేరే తరగతి అట. ఎక్కడ బతుకుతోందో, పైన ఏం కప్పుకుందో చూస్తే చుట్టరికం దొరకదు, ఒళ్ళు ఎట్లా కట్టి ఉందో ఒక్కొక్క భాగమే పట్టి చూడాలట. ఎక్కడి సముద్రం, ఎక్కడి చిలకలగూడ అని అమ్మమ్మ బుగ్గలు నొక్కుకుంది.

అక్క చేతులు కడుక్కుని వచ్చి, నన్ను భుజాలు పట్టి అమ్మమ్మ ఎదురుగా నిలబెట్టింది. "మరైతే ఈ పిల్లని కూడా చూసి చెప్పండి మామ్మగారూ. ఇందులో ఏది ఎవరిదేటి?"

అమ్మమ్మ లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. లేవలేదు. నా ముఖంలోకి చాలాసేపు చూసి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"నుదురు మీ నాయనది. ముక్కు మీ నాయనమ్మది, గంత పొగరు ముక్కు మా ఇండ్ల ఎవలకు లేదు."

అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నాలో అమ్మది ఏమీ లేదేమోనని భయమేసింది. అమ్మమ్మ వేళ్ళు నా జుట్టును వెనక్కి తోసి చెవుల దగ్గర ఆగాయి. తమ్మెలు రెండూ పట్టుకుని మెల్లగా నిమిరింది. "గివి నా బిడ్డ చెవులే. కుట్టిచ్చిన్నాడు ఎంత ఏడ్చిందో. జిలేబి తినిపిస్తే గని ఊకోలే," అంది.

ఇక ఆమె ఆగలేదు. అమ్మ గురించి ఆమె నోట వినడం నాకదే మొదటిసారి. జడ వేయించుకోవడానికి ఎంత సతాయించేదో, వంట చేస్తూ ఏం పాడుకునేదో అన్నీ ఏడుస్తూనే చెప్పింది. నేనూ ఏడ్చాను, కానీ నా చెవులు పట్టుకున్న చేతులు మాత్రం తీయలేదు.

అక్క తర్వాత పెళ్ళయి వెళ్ళిపోయింది. ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు. ఒక్కసారి కనిపిస్తే ఆ చేతులు కళ్ళకద్దుకోవాలని ఉంటుంది. అమ్మమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. తల దువ్వుకుంటూ అద్దంలో ముఖం కన్నా ముందు చెవులే చూసుకుంటాను. కమ్మల బరువుకు తమ్మెలు సాగి ముడతలు పడ్డాయి. వినికిడి తగ్గింది, మిషను పెట్టుకోమని ఇంట్లో ఒకటే పోరు. పెట్టుకుంటాను లెండి, తొందరేముంది. పాతికేళ్ళైనా నిండకుండా పోయిన మా అమ్మకు ముసలితనం రానేలేదు. ఆమె చెవులకు మాత్రం వచ్చింది.