ఒంపు పోయిన చెయ్యి

ఇవాళ పొద్దున బస్సులో నా పక్క సీటాయన జేబులోంచి బామ్ డబ్బీ తీసి, చొక్కా చెయ్యి కాస్త పైకి జరిపి, మోచేతికి మెల్లగా రాసుకున్నాడు. ఆ ఘాటు తగలగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, బామ్ వల్లేననుకుని పాపం ఆయన డబ్బీ మూత బిగించి సారీ కూడా చెప్పాడు. నాకింకా పంతొమ్మిది నిండలేదు, ఈ వయసులో చిన్నతనం గురించి రాసుకుంటానంటే అమ్మ నవ్వుతుంది. కానీ ఇక్కడ, ఈ ఎడారి దేశంలో పెరిగినవాళ్ళకు చిన్నతనం తొందరగానే అయిపోతుంది. ఎవరిదో ఒకరి వీసా క్యాన్సిల్ అవుతుంది, నిన్నటిదాకా ఇంట్లో తిరిగిన మనిషి సూట్‌కేసుకు తాడు కట్టించుకుని వెళ్ళిపోతాడు, ఇల్లు వేరే ఇల్లయిపోతుంది.

మాది ఇంటర్నేషనల్ సిటీలో ఒక గది, ఒక హాలు. హాలుకు అడ్డంగా కట్టిన పూల పరదాకు అవతల కాక పడుకునేవాడు. కాక అంటే బాపుకు, మా నాన్నకు, తమ్ముడు, అల్ ఖూజ్‌లో ఒక గోడౌన్‌లో లోడింగ్ పని. బాపు ఏసీ డక్టులు చేసే వర్క్‌షాపులో ఫోర్‌మన్. కరోనా బందు ఎత్తేశాక వచ్చిన చలికాలం అది, నేను ఎనిమిదో తరగతి. సెలవు రోజు శుక్రవారం, అది వస్తే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. అమ్మ చీకటితోనే లేచి సర్వపిండి కాల్చేది, నువ్వులూ పల్లీలూ కమ్మగా మాడే ఆ వాసనకు పక్క ఫ్లాటు కేరళావిడ తలుపు తీసి చూసేది, ఆవిడకో ముక్క ఇచ్చి, మిగిలింది స్టీలు డబ్బాలో పెట్టి, ఫ్లాస్కు నిండా చాయ్ పోసుకుని, ఎదుటి బిల్డింగు కూడా కనపడని మంచులో వర్సాన్ వైపు ఇసుక మైదానానికి నడిచేవాళ్ళం. అక్కడ జగిత్యాల, సిరిసిల్ల వాళ్ళు, కడప సాయిబులు, పెషావర్ డ్రైవర్లు, అందరూ ఒక టేపు చుట్టిన టెన్నిస్ బంతితో క్రికెట్ కోసం చేరేవాళ్ళు.

బాపు ఎప్పుడూ ఆడేవాడు కాదు, చూసేవాడు. ఏ జట్టుకు కొత్త బౌలరు కావాలన్నా మా బాపు చూసి సరే అనాల్సిందే. కొత్తవాణ్ణి పట్టుకొచ్చి, "అన్నా, వీని చెయ్యి జర చూడు" అనేవాళ్ళు. బాపు వాణ్ణి చెప్పులు విప్పి ఇసుకలో పరిగెత్తించేవాడు. బంతి ఎటు పోయిందో చూసేవాడు కాదు, వంగి పాదాల గుర్తులు చూసేవాడు. ముందుకాలు ప్రతిసారీ ఒకే చోట పడితే తలూపేవాడు, అటూ ఇటూ పడితే చాయ్ తాగి పొమ్మనేవాడు. సెలవు మీద ఉన్నవాడి బౌలింగ్ అసలు చూసేవాడే కాదు. వారమంతా డ్యూటీ చేశాక భుజంలో ఏం మిగిలిందో అదే వాడి అసలు వేగం అని ఆయన లెక్క. తన కంటి మీద బాపుకు ఎంత గర్వమంటే, ఇంట్లో అమ్మ కూరగాయలు తరిగినా భుజం ఎట్లా తిరుగుతుందో చెప్పబోయి తిట్లు తినేవాడు.

అంత గొప్ప కన్నున్న ఇంట్లోనే, బౌలింగ్‌లో వంగకూడని మోచెయ్యి కాకకు వంగేది. ఊళ్ళో మొక్కజొన్న చేలకు కావలి కాసి, మంచె మీదినుంచి చిలకల మీదికి మట్టిగడ్డలు విసిరిన చెయ్యి అది. బంతి వదిలితే బ్యాటు పైకి లేచేలోపు వికెట్ల వెనక్కి పోయేది. అవతలి జట్టు మొత్తం "త్రో, త్రో" అని అరిచేది, అంపైరు నో బాల్ ఇచ్చేవాడు, కాక తల గోక్కుంటూ నవ్వేవాడు. బాపు మాత్రం తలెత్తుకోలేకపోయేవాడు.

"గదేంది రా? గది బౌలింగ్ కాదు, మామిడికాయలు కొట్టుడు. మంది ముంగట నా ఇజ్జత్ తీస్తున్నవ్" అన్నాడొక రోజు.

"ఏం జెయ్యాల్నో నువ్వే జెప్పన్నా, గట్లనే జేస్త" అన్నాడు కాక.

కాక పాపమల్లా ఎట్లా చెప్తే అట్లా చేసే మనిషి కావడమే. బాపు వర్క్‌షాపు నుంచి ఒక ప్లాస్టిక్ పైపు తెచ్చి, నిలువుగా కోసి, కాక మోచేతికి వేసి అమ్మ పాత చున్నీలతో బిగించి కట్టాడు. డ్యూటీ నుంచి రాగానే పార్కింగులో ఆ కట్టుతోనే బౌలింగ్. చలికాలం పోయింది, గాలి తడిబట్టలా ఒంటికి అంటుకునే ఆగస్టు వచ్చింది, కట్టు కింద చర్మం పాసిపోయేది, మోచేతి నొప్పికి నేను బామ్ రాసేదాన్ని, అన్నం తినేటప్పుడు కూడా ఆ చెయ్యి సరిగ్గా వంగక కాక ముద్దకు తలే వంచేవాడు. తరువాతి చలికాలానికి చెయ్యి నిటారుగా వచ్చింది. వేగం సగం పోయింది, కానీ ఎవరూ అరవలేదు, అంపైరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాపు ఆ రోజు జట్టందరికీ చిక్కటి కరక్ చాయ్ తాగించాడు.

ఆ చలికాలమే మైదానానికి ఒక తెల్లాయన వచ్చాడు. బేస్‌బాల్ కోచ్ అట. వాళ్ళ పెద్ద జట్టుకు కింద ఒక చిన్న జట్టు పెడుతున్నారట, దానికి విసిరేవాళ్ళు కావాలట, కుదిరితే వీసా వాళ్ళదే, ఉండే చోటూ తిండీ వాళ్ళవే, పొద్దంతా ఆటే పని. వెంట వచ్చిన హిందీ ఆయన ఇదంతా చెప్తుంటే కాక కళ్ళు ఎట్లా మెరిశాయో నాకిప్పటికీ కనిపిస్తుంది. బాపు తన మంచి బౌలర్లను వరసగా నిలబెట్టాడు, కాకను మొదట. కోచ్ వేగం కొలిచే యంత్రం పట్టుకుని అందరినీ చూశాడు, అందరికీ మర్యాదగా తల అడ్డంగా ఊపాడు. మీ చేతులు కర్రల్లా ఉన్నాయి, ఈ ఆటకు మోచెయ్యి వంగాలి, కొరడాలా రావాలి అన్నాడట.

అప్పుడు కడప ఖాదర్ భాయ్ తన ఫోనులో కిందటేడు వీడియో ఒకటి తీసి ఆయనకు చూపించాడు. కోచ్ చూశాడు, వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు, యంత్రం ఇసుకలో పెట్టేసి మళ్ళీ చూశాడు. "ఈ పిల్లగాడు ఎక్కడున్నాడు?" అని అడిగాడు. ఖాదర్ భాయ్ కాక వైపు వేలు చూపించాడు.

వీడియోలో ఉన్నట్టే విసరమన్నారు. కాక విసిరాడు, రాలేదు. మళ్ళీ విసిరాడు. చెయ్యి వంగబోయి దానంతట అదే నిటారుగా అయిపోయేది. కోచ్ మంచివాడు, నెల తరువాత మళ్ళీ రమ్మన్నాడు.

ఆ నెల మా ఇంట్లో నవ్వు లేదు. ఏ పార్కింగులో "నిలువుగ, నిలువుగ" అని అరిచాడో అదే పార్కింగులో బాపు "వంచు రా తమ్మీ, వంచు, చిలకల మీదికి విసిరినట్టు విసురు" అని బతిమాలేవాడు. మోచెయ్యి వాచింది, గోడౌన్‌లో పెట్టెలు ఎత్తలేక కాక పళ్ళు బిగబట్టేవాడు. చెప్పిన రోజుకు పోయారు, తొందరగానే తిరిగొచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా బాపు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఖలాస్, వదినా. ఆకలైతుంది, అన్నం పెట్టు" అన్నాడు కాక, మామూలుగానే. బాపు ఆ పూట తినలేదు.

ఆ చెయ్యితో లోడింగ్ సాగక, ఏడాది తిరగకుండానే కాక వీసా క్యాన్సిల్ చేయించుకుని ఊరికి పోయాడు. ఒక్కనాడూ బాపును ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది, తిట్టు తిన్నవాడు ఎప్పటికైనా తేరుకుంటాడు. పూల పరదా తీసేశాం. ఇసుక మైదానం చుట్టూ రేకులు పాతి బిల్డింగులు లేపారు, బాపుకు సెలవు ఆదివారానికి మారింది, అమ్మ సర్వపిండి చెయ్యడం మానేసింది. ఎవరైనా కొత్త కుర్రాణ్ణి వెంటబెట్టుకుని తలుపు తడితే, బాపు పరదేశిలా చూసి, "నాకేం తెల్వదు భాయ్" అంటాడు.

మొన్న కాక వీడియో కాల్ చేశాడు. పెళ్ళయింది, ఏడాదిన్నర కొడుకు. ఆ పిల్లాడు చేతికందిన చెంచా తీసి, మోచెయ్యి వెనక్కి వంచి, ఫోను మీదికే విసిరాడు. కాక పగలబడి నవ్వి, "అన్నా, వీని చెయ్యి జర చూడు, త్రో ఏస్తుండు" అన్నాడు.

బాపు ఫోను దగ్గరికి జరుపుకుని పిల్లాడి చెయ్యి చూశాడు. "ఏయనీయ్ రా. వాని చెయ్యి ముట్టకు" అన్నాడు. తరువాత ఫోను నా చేతిలో పెట్టి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు, కాక ఇంకా "అన్నా, అన్నా" అని పిలుస్తూనే ఉన్నాడు.