హాలీలో బర్రె, కల్దార్లో లెన్సు

మా చెల్లెలి భర్తకు నయాపూల్ దగ్గర ఫొటో దుకాణం ఉండేది. పందొమ్మిది వందల ముప్ఫైల చివర్లో ఒకనాడు కార్వాన్‌లో మా ఇంటికొచ్చి, బొంబాయి నుంచి వాడిన లెన్సు ఒకటి తెప్పిస్తున్నామనీ, అందుకోసం బర్రెను అమ్ముతున్నామనీ చెప్పాడు. వాళ్లకున్నది ఆ ఒక్క బర్రే. చెల్లెలి పెళ్లికి దూడగా మేమిచ్చింది. దుకాణం నడవని నెలల్లో దాని పాలమీదే ఆ ఇల్లు గడిచేది.

"లెన్సు ఎంత బావా?" అన్నాను.

"తొంభై."

"హాలీయా, కల్దారా?"

నేల చూశాడు. "కల్దార్."

కల్దార్ అంటే ఇంగ్లీషువాళ్ల రూపాయి. మన సర్కారు హాలీ రూపాయల్లో ఆ తొంభై నూట అయిదవుతుంది. ఆ మాట అడిగేదాకా చెప్పని మనిషి ఇంకేం దాస్తున్నాడో! బడికి పోకపోయినా సావుకార్ల దగ్గర లెక్కలు చూసి బతికినవాణ్ణి. మర్నాడే దుకాణానికి వెళ్లాను.

ఫొటో తీసిన గాజుపలకను ఎవరూ పారేయరు. మళ్లీ ఫొటోలు కావాలంటే దాంతోనే అచ్చువేయాలి. కానీ ఆ ఏడాది కొన్న పలకల్లో మూడోవంతు అల్మారాలో లేవు. అడిగితే "అటిటు పోయినయి" అన్నాడు బావ. గాజు ఎటు పోతుంది? పలకల పేరు చెప్పి మలక్‌పేట గుర్రాల మీద పందెం కాస్తున్నాడని తేల్చుకున్నాను.

పాలు పితుకుతున్న చెల్లెలితో అదే చెప్పాను. పకపకా నవ్వింది.

"గుర్రాలా? ఆయన టాంగా ఎక్కాలంటేనే భయపడ్తడు. ఆ పలకలు నేనే పలగ్గొట్టినన్నా."

పరదా పాటించే పెద్దిళ్లలో ఆడవాళ్ల ఫొటోలు మగవాడు తీయకూడదు, చూడకూడదు. బావ గేటు బయట కూర్చుంటే, లోపలికి వెళ్లి తీసేది చెల్లెలే. పలక కడగడం, అచ్చువేయడం కూడా తనే. ఫొటోలు ఇచ్చిన రోజు, ఇంటి బేగం కళ్లముందే పలక పగలగొట్టి రావాలి.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు లొల్లి చేస్తవని ఆయన ఫికర్."

పలకల లెక్క సరిపోయింది. అనుమానం మాత్రం పోలేదు.

"ఉన్న లెన్సుకేమైంది మరి?"

"లోపలి అర్రల్ల ఎల్తురుండదు. మస్తుసేపు కదలకుండ కూసోవాలె. పసిపిల్లలు కూసుంటరా? మొన్న తల్లి ఒళ్లె బిడ్డకు మొఖమే రాలే. ఇంకోపారి గట్లయితే మల్ల పిలువరు. గీ లెన్సైతే ఎల్తురు ఎక్కువ గుంజుతదట."

"గుంజుతదట! ఎవలన్నరు? అమ్మేటోడేనా?"

"బర్రె నాది అన్నా," అంది, చెంబు పక్కన పెట్టి.

బర్రెకు తొంభై హాలీ వచ్చింది. తక్కువపడిన పదిహేను నేనే ఇచ్చాను. నమ్మకం కుదిరి కాదు, నా డబ్బు కూడా ఉంటే అడిగే హక్కుంటుందని. లెన్సు రాగానే ఎండలో పట్టుకుని గీతలున్నాయేమోనని వెతికాను. దొరకలేదు. అదీ అనుమానంగానే తోచింది.

ఆ పసిబిడ్డ ఫొటో కొత్త లెన్సుతో మళ్లీ తీసి, ఇచ్చిరావడానికి చెల్లెలు లోపలికి వెళ్లినప్పుడు, బావతో పాటు నేనూ గేటు బయట నిలబడ్డాను. నవ్వుతూ వచ్చింది.

"మొఖం వచ్చిందా?"

"కండ్లు, ముక్కు, అన్నీ!"

"ఏది, చూపియ్యి."

"ఎట్ల చూపియ్యాలె? ఫొటో ఆళ్లకిచ్చిన, పలక పలగ్గొట్టిన. మల్ల శుక్రవారం రమ్మన్నరు."

ఆ పిలుపు తప్ప నాకు వేరే రుజువు దొరకలేదు. ఆ నెల నుంచి వాళ్లు పాలు కొనుక్కున్నారు. పాలవాడు చెంబులో పోస్తుంటే, నీళ్లు కలిపాడేమోనని నేను వేలు ముంచి చూసేవాణ్ణి.