గిస్లేన్ అనువదించని మాట

ఫిబ్రవరి పదకొండున పొద్దున్నే మా శాఖ కార్యదర్శి గిస్లేన్ లాఫ్రెనియేర్ తలుపైనా తట్టకుండా నా గదిలోకి వచ్చింది.

"మంచు ఆగట్లేదయ్యా ఔరెల్. విమానం దిగుతుందంటావా?"

"మనం పుట్టిన దగ్గర్నుంచీ ఇక్కడ మంచే పడుతోంది. దిగక ఎక్కడికి పోతుంది?"

"నీకు వెటకారంగానే ఉంటుంది. నాకిక్కడ కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

ఆమె కంగారుకి కారణం లేకపోలేదు. కెనడాలో, ఉత్తర ఒంటారియోలో గనుల ఊరు మాది. మా విశ్వవిద్యాలయం ఇంగ్లీషు, ఫ్రెంచి రెండు భాషలదని గేటు మీద రాసి ఉంటుంది. ఫ్రెంచిలో సోషల్ వర్క్ చెప్పేవాళ్లం ఒకప్పుడు ఏడుగురం. ఇప్పుడు ఇద్దరం, అందులో నేను జూన్‌లో రిటైరవుతున్నాను. రెండేళ్లుగా ప్రకటనలు ఇస్తున్నాం. మొదట వచ్చినవాడు అన్నిటికీ తలూపి చివరికి ఒట్టావాలో చేరాడు. తర్వాత వచ్చినావిడ, భర్తకి ఇక్కడ పని దొరకదని తెలిసి మానుకుంది. దాంతో డీన్ గ్రాహమ్ విట్కమ్ ఉత్తరం పంపాడు. మార్చి ఒకటిలోగా మనిషి కుదరకపోతే సెప్టెంబరులో ఫ్రెంచి మొదటి సంవత్సరం తెరవరట. ఒకసారి మూశారంటే ఇక అంతే సంగతులు.

ఈసారి ఇంటర్వ్యూకి వస్తున్నది ఒదీల్ ఎంబర్గా. కామెరూన్‌లో పుట్టి, పన్నెండేళ్లుగా మాంట్రియల్‌లో పిల్లల సంరక్షణ కేసులు చూస్తూ, పాఠాలు కూడా చెబుతున్న మనిషి. ఆమె కాకపోతే జాబితాలో ఇంకెవరూ లేరు.

గిస్లేన్‌కి అరవై ఒకటి. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ బల్ల దగ్గరే ఉంది. ఎవరొచ్చినా హోటల్ గది తనే వెళ్లి చూసి, హీటరు మీద చెయ్యి పెట్టి వస్తుంది. ఆ రోజు స్వయంగా విమానాశ్రయానికి వెళ్లి, తన కూతురి కోటు ఒకటి తీసుకెళ్లి ఒదీల్‌కి తొడిగి మరీ తెచ్చింది. మధ్యాహ్నానికి ఇంట్లో వండిన బఠాణీ సూపు పెద్ద గిన్నెతో మోసుకొచ్చింది. ఇంత ఆరాటం దేనికని నేను ఏనాడూ అడగలేదు. ఉద్యోగం మీద మమకారం అనుకున్నాను. పక్క గదిలో ఇన్నేళ్లుండి అనుకున్నది అదీ!

మా వాళ్లకి ఒక అలవాటుంది. పదిమంది ఫ్రెంచివాళ్లం కూర్చుని గొంతు చించుకుంటూ ఉంటాం. ఇంగ్లీషు మనిషి ఒక్కడు లోపలికి వస్తే చాలు, వాక్యం సగంలో ఉండగానే అందరం ఇంగ్లీషులోకి తిరిగిపోతాం. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. గుమ్మంలో బూట్లు విప్పడం ఎలా వచ్చిందో ఇదీ అలాగే వచ్చింది. దాన్ని మర్యాద అంటాం. ఎవరైనా తిరగడం మరిచిపోతే గిస్లేన్ ఉంది. ఏ సమావేశమైనా డీన్ పక్క కుర్చీ ఆమెదే, ఫ్రెంచి మాటల్ని ఇంగ్లీషు చేసి చెవిలో చెబుతూ ఉంటుంది. ఇప్పటికి అయిదుగురు డీన్లకి చెప్పింది.

ఒదీల్ నమూనా పాఠం పది గంటలకి. ఫ్రెంచిలో నలభై నిమిషాలు మాట్లాడింది. ఎంత బాగా మాట్లాడిందంటే, వెనక కూర్చున్న విద్యార్థులు ఫోన్లు పక్కన పెట్టేశారు. తర్వాత ప్రశ్నలు. ముందు వరసలో డీన్ చిరునవ్వుతో కూర్చుని ఉన్నాడు. మంచివాడే, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే మేం ఎప్పుడో మొండికేసేవాళ్లం.

మొదటి ప్రశ్న నాది. నోరు తెరిచాను, ఇంగ్లీషు వచ్చింది. నా తర్వాత ఇంకొకాయన అడిగాడు, అదీ ఇంగ్లీషే. విద్యార్థులు ఇద్దరు అడిగారు, వాళ్లూ అంతే. ఒదీల్ ఒక్క క్షణం నా వైపు చూసి, చక్కటి ఇంగ్లీషులో జవాబు చెప్పింది. ముఖంలో నవ్వు మాత్రం పోయింది.

నడవాలోకి రాగానే గిస్లేన్ నా మోచెయ్యి పట్టుకుంది.

"బుద్ధుందా నీకు? ఫ్రెంచిలో చెప్పడానికి రమ్మని పిలిచి ఇంగ్లీషులో అడుగుతావా?"

"అలవాటే గిస్లేన్, నోరు జారింది!"

"నోరు జారింది! ఆవిడ వెళ్లిపోతే నీ అలవాటు వచ్చి పాఠం చెబుతుందా?"

నాకు తల కొట్టేసినట్టయింది.

భోజనానికి ఆరుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. గిస్లేన్ సూపు వడ్డించి ఎప్పటిలాగే డీన్ పక్కన కూర్చుంది. గరిట ఇంకా చేతిలోనే ఉంది. ఒదీల్ రెండు చెంచాలు తాగి, ఫ్రెంచిలో మెల్లగా అంది.

"ఏమీ అనుకోకండి, ఒక మాట అడుగుతాను. మా దేశంలోనూ రెండు భాషలే, ఈ ఆట నాకు కొత్త కాదు. పొద్దుటినుంచి నాతో ఫ్రెంచిలో మాట్లాడింది మేడమ్ గిస్లేన్ ఒక్కరే. మీకు నిజంగా మనిషి కావాలా, లేక గేటు మీద రాత చెరిగిపోకుండా ఉంటే చాలా?"

నేను రొట్టె ముక్కలు చేస్తూ కూర్చున్నాను. అయిపోయింది, ఈవిడా పోయింది అనుకున్నాను.

"నాకు తొమ్మిదేళ్లప్పుడు..." అని గిస్లేన్ మొదలుపెట్టింది, ఇంగ్లీషులో. పక్కన డీన్ ఉన్నాడు కదా. అంతలోనే ఆగి, గరిట బల్ల మీద పెట్టి, మళ్లీ మొదటినుంచి ఫ్రెంచిలో ఎత్తుకుంది.

"నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఇంటికి ఒక సోషల్ వర్కరు వచ్చింది. రైలు కట్ట పక్కన ఇల్లు, ఆరుగురు పిల్లలం. అమ్మకి ఊపిరితిత్తుల జబ్బు. ఆ వచ్చినావిడకి ఫ్రెంచి ఒక్క ముక్క రాదు, అమ్మకి ఇంగ్లీషు రాదు. వీధిలో ఆడుకుని నేను కాస్త నేర్చుకున్నాను కాబట్టి నన్ను మధ్యలో నిలబెట్టారు. చిన్నపిల్లలిద్దర్నీ తీసుకెళ్తాం, వాళ్లకి వేరే ఇల్లు చూస్తాం అంది ఆవిడ. అమ్మ మొహం చూస్తే నాకు ఆ మాట నోటికి రాలేదమ్మా. 'నువ్వు కోలుకునేదాకా కొన్ని వారాలు చూసుకుంటారట' అని చెప్పాను. అమ్మ నన్ను నమ్మి సరేనంది, సంతకం పెట్టింది. తమ్ముడు పద్నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చాడు. చంటిది రాలేదు."

గిస్లేన్ చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఇక్కడ ఫ్రెంచిలో చదువుకున్న ఒక్కరు ఆ రోజు మా గుమ్మం తొక్కి ఉంటే, నన్ను ఆడుకోమని బయటికి పంపి అమ్మతో మాట్లాడేవాళ్లు. మీరెందుకు కావాలో నాకు తెలిసింది అంతే."

డీన్‌కి ఏదో పెద్ద మాటే జరిగిందని అర్థమైంది, ఏమిటో అర్థం కాలేదు. అలవాటు ప్రకారం ఆమె వైపే వంగాడు.

"ఏమన్నావు గిస్లేన్? నాకూ చెప్పు."

"చెప్పను గ్రాహమ్," అంది గిస్లేన్ నెమ్మదిగా. "ఇది ఒకసారి చెప్పాను. ఇంక నా వల్ల కాదు."

డీన్ ముఖం ఎర్రబడింది. ఇరవై తొమ్మిదేళ్లలో ఆమె నోట కాదన్న మాట ఏ డీనూ వినలేదు. "నేను చెబుతాను," అన్నాను. చెప్పడం మొదలుపెట్టాను. చంటిదాని దగ్గరికి వచ్చేసరికి 'ఆచూకీ దొరకడం ఆలస్యమైంది' అందామని నాలుక దాకా వచ్చింది. ఆయన బాధపడతాడని! అరవై నాలుగేళ్లవాడిని, ముప్పై ఏళ్లు ఇదే పాఠం చెప్పినవాడిని, నాకే అలా అనిపిస్తే తొమ్మిదేళ్ల పిల్ల ఏం చేస్తుంది? ఉన్నదున్నట్టు చెప్పాను. డీన్ చెంచా కింద పెట్టేశాడు.

"పాప పేరేంటి?" అని అడిగింది ఒదీల్.

"లిసెట్. ఉంటే యాభై మూడేళ్లు."

సాయంత్రం విమానానికి గిస్లేనే దింపి వచ్చింది. "ఏమంది?" అని అడిగాను. "ఏమీ అనలేదు. కోటు తిరిగిచ్చేసింది," అంది. ఆ కోటు ఉంచుకుని ఉంటే బాగుండేదని ఇద్దరికీ అనిపించింది.

తర్వాత రెండు వారాలు ఎలా గడిచాయో దేవుడికే తెలియాలి. గిస్లేన్ గంటకోసారి మెయిలు చూసుకునేది. నోరు పారేసుకున్నానని తనలో తనే తిట్టుకునేది. గోళ్లు కొరికీ కొరికీ వేళ్లకి ప్లాస్టర్లు వేసుకుంది. ఇరవై అయిదు, ఇరవై ఆరు, ఏమీ లేదు. ఇరవై ఏడున డీన్ కార్యాలయం నుంచి మూసివేత కాగితం ముసాయిదా కూడా వచ్చేసింది.

ఇరవై ఎనిమిదిన, నాలుగు కావస్తుండగా, ఆమె గదిలోంచి కుర్చీ జరిగిన చప్పుడు. పరుగెత్తాను. డీన్ నాకంటే ముందే గుమ్మంలో ఉన్నాడు. ఒదీల్ నుంచి ఫ్రెంచిలో ఉత్తరం. గిస్లేన్ తెర మీద దాన్ని చదువుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కళ్లు ధారలు కడుతున్నాయి.

"వస్తోందా, రావట్లేదా?" అన్నాడు డీన్. "ఏం రాసింది?"

గిస్లేన్ తల అడ్డంగా ఊపి, తెర నా వైపు తిప్పింది. నేను చదివి ఆయనకి చెప్పాను.

"వస్తోంది. జులైలో చేరుతుందట. ఒకే ఒక్క షరతు పెట్టింది. ఇకమీదట మేడమ్ గిస్లేన్ చేత ఎవరికీ అనువాదం చేయించకూడదట."