సాంబ్రాణి పొగ, ఆక్సిజన్ మిషన్

మా అమ్మాయిని మా ఇంటికి పంపిన డాక్టరమ్మ పోయిన నెలలో కన్నుమూసింది. పెద్దావిడే, నిండుగా బతికినావిడే. అయినా కబురు వినగానే వంటింట్లో కూలబడి ఏడ్చాను. మా ఆయన ఓదార్చబోతే కసిరాను కూడా. ఏడవనివ్వరేం?

మా పిల్ల నెలలు నిండకుండా పుట్టింది. ఊపిరితిత్తులు బలపడలేదని నెలల తరబడి వార్డులోనే ఉంచారు. అలాంటి పసివాళ్ళను ఆక్సిజన్ మిషన్‌తో సహా ఇంటికి పంపే పద్ధతిని మా ప్రాంతంలో మొదలుపెట్టింది ఆవిడే. ఒక్క ఇంట్లో ఏదైనా జరిగితే చాలు, ఆ పద్ధతే ఆపించేద్దామని చూసేవాళ్ళు ఆసుపత్రిలో ఉన్నారని నర్సులు చెప్పుకునేవారు. ఆవిడ మాత్రం, "పిల్లలు పెరగాల్సింది వార్డులో కాదు," అనేది. పంపిన ప్రతి పిల్లనూ మర్నాడు తానే ఇంటికొచ్చి చూసేది.

ఇంగ్లండులో, స్విండన్‌లోని మా ఇంటికీ అలాగే వచ్చింది. నేను తలుపు తీశానో లేదో, ఆవిడ ముక్కుపుటాలు అదిరాయి. నాకూ అప్పుడే వాసన తగిలింది. సాంబ్రాణి!

ఓరి నాయనో, పై ప్రాణాలు పైనే పోయాయి. ముందుగదిలో మా అత్తయ్య కాళ్ళు చాపుకుని, పిల్లకు స్నానం చేయించి, ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పిల్ల ముక్కులో ఆక్సిజన్ గొట్టం. పక్కనే పళ్ళెంలో, ఇండియన్ షాపులో కొన్న సాంబ్రాణి కప్పు ఎర్రగా రగులుతోంది. ఆక్సిజన్ ఉన్నచోటికి నిప్పు తెస్తే భగ్గుమంటుందని ఆవిడకు ముందురోజే చెప్పాను. అయితే ఆవిడ లెక్కలో సాంబ్రాణి నిప్పు కాదు, మందు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

డాక్టరమ్మ అరవలేదు. పళ్ళెం ఎత్తి గార్డెన్‌లోకి తీసుకెళ్ళి నీళ్ళు గుమ్మరించింది. కిటికీలన్నీ తీసింది. పిల్ల పాదానికి ఒంట్లో ఆక్సిజన్ కొలిచే చిన్న మీటరు తగిలించి, అంకె కుదుటపడేదాకా దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత సంచిలోంచి ఫోను తీసి, పిల్లను మళ్ళీ వార్డుకు తీసుకెళ్ళక తప్పదేమోనంది.

ఇంగ్లీషు రాకపోయినా అత్తయ్యకు ఆ ఫోను చూస్తే అర్థమైపోయింది. "తల తడారకపోతే జలుబు చేసుద్దని ఏశానే అమ్మాయ్! నీ మొగుడికీ ఇట్టాగే ఏశా. చెప్పవే ఆమెకి!" అని పిల్లను గుండెకు అదుముకుంది.

చెప్పాను. డాక్టరమ్మ ఫోను చేతిలోనే పట్టుకుని అత్తయ్య పక్కన కిందే చతికిలబడింది. "ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా అని అడిగాం. నాయనమ్మలు ఏం చేస్తారో అడగలేదు. తప్పు నాది," అంది. ఇంకా ఏమేం వెలిగిస్తారో అడగమంది. అత్తయ్య ఒక్కొక్కటే చెప్పింది: అగరొత్తులు, హారతి కర్పూరం, దిష్టి తీసి కాల్చే ఎండుమిరపకాయలు, అలమరలో దేవుడి ముందు దీపం. డాక్టరమ్మ మొహం ఇంకా వాడిపోయింది.

"ఇంటికే పంపాలని ఈమెకెందుకంత పట్టుదలో అడుగు," అంది అత్తయ్య ఉన్నట్టుండి.

డాక్టరమ్మ కాసేపు పిల్ల వేళ్ళు నిమిరింది. "నా చిన్నప్పుడు మా తమ్ముడు ఆసుపత్రిలో పోయాడు. అప్పట్లో తల్లులను ఆదివారం మాత్రమే లోపలికి రానిచ్చేవారు. వాడు పోయింది గురువారం. అమ్మ గేటు బయటే నిలబడి ఉంది."

నేను తెలుగులో చెప్తుంటే అత్తయ్య కళ్ళార్పకుండా వింది. పిల్లను డాక్టరమ్మ ఒళ్ళో పెట్టి, ఎదురుగా కనిపించే వంటింట్లోకి వెళ్ళి అలమర తలుపు తీసింది. ఆ దీపం విషయంలో నన్నెన్ని మాటలందో నాకు తెలుసు. ఆరిందంటే ఇంటికి అరిష్టమంటుంది. అలాంటిది, ఒత్తిని నూనెలోకి లాగి, దీపాన్ని తానే కొండెక్కించింది.

"దేవుడు చీకట్లో ఉంటాళ్ళే. పిల్లని మాత్రం తీసుకుపోవద్దని చెప్పవే," అంది.

ఇంగ్లీషులో చెప్పడానికి నేను నోరు తెరిచాను. డాక్టరమ్మ నావైపు చూడను కూడా లేదు. ఫోను సంచిలో పెట్టేసుకుంది.